మన గోదారి జిల్లాల బార్లకి మార్కులేస్తన్నాం, దేనికెన్ని వెయ్యాలో చెప్పండి

లంకల_బుల్లోడు:

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీలో కూచున్న బ్యాచ్ మాది, నలుగురం. ఇద్దరం ఊళ్ళోనే కొబ్బరితోటలూ ఆ లావాదేవీలూ చూసుకుంటన్నాం, ఒకడికి కాకినాడలో ఉద్యోగం, నాలుగోవోడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, వర్క్ ఫ్రమ్ హోమ్ అని వచ్చేడు ఇంక కదల్లేదు. చిక్కంతా వీడితోనే వచ్చింది. అక్కడ వీళ్ళ బ్యాచ్ వారానికో పబ్బుకెళ్ళడం, లైటింగుకిన్ని మ్యూజిక్కిన్ని అని మార్కులేసుకోవడం అలవాటంట, ఇక్కడా మొదలెడదాంరా అన్నాడు. ఆదివారం ఎలాగూ ఎక్కడో అక్కడ కూచుంటాం కదా, ఆ కూచునేదేదో వారానికో చోట కూచుందాం అని మేవూ సరేనన్నాం.

మన దగ్గర పబ్బులెక్కడున్నాయండి. ఉన్నవి బార్ అండ్ రెస్టారెంట్లు, వైన్సు పక్కన కూచునే రూములు, వంతెన దాటితే యానాం, సీజన్లో కల్లు. వీటన్నిటికీ కలిపి ఒకే నోటుపుస్తకం పెట్టేం. మందు, మంచింగు, కుర్చీ-ఫ్యాను, బాత్రూం, బిల్లు, ఒక్కోదానికీ పది, మొత్తం యాభై.

ఇప్పుడు గొడవ ఎక్కడొచ్చిందంటే మా హైదరాబాదోడు ఎక్కడికెళ్ళినా యాంబియెన్స్ లేదురా అని ఇరవై దాటనివ్వడు. ఇంకోడున్నాడు, వాడు లేచే ముందు గానీ మార్కులెయ్యడు, అప్పటికి వాడికి లోకంలో అందరూ మంచోళ్ళే, తిరగని ఫ్యానుకి కూడా తొమ్మిదేసేడు. హైవే పక్కన ఒక బార్లో ఏసీ హాల్లో కూచోబెట్టి ఏసీ వెయ్యలేదండి, అడిగితే ఇంకో టేబులొస్తే వేస్తాం సార్ అన్నాడు, బిల్లులో మాత్రం ఏసీ హాలు రేటే కొట్టేడు. అలాంటిదానికి ఒకడు పదకొండు వేస్తే ఇంకోడు నలభై మూడేసేడు. ఇలాగైతే ఆ లిస్టుకి అర్థం ఏముంది?

అంచేత అడుగుతున్నా. దేనికి మార్కులెయ్యాలి, ఎప్పుడెయ్యాలి, కల్లునీ బారునీ ఒకే లిస్టులో పెట్టొచ్చా లేదా. ఊళ్ళ పేర్లు చెప్పండి చాలు, షాపుల పేర్లెత్తి గొడవలు పెట్టకండి. తాగుడు మంచిది కాదు అని చెప్పడానికి వచ్చినోళ్ళుంటే మీకో దణ్ణం, ఆ పని మా ఆవిడ చూసుకుంటంది.

వనామీ_బావ:

భీమవరం నుంచి. ముందు ఆ మందు కాలమ్ కొట్టి పారెయ్యండి గురూ. క్వార్టర్ బాటిలు తణుకులో తాగినా తాటిపాకలో తాగినా అదే డిపో నుంచో పక్క డిపో నుంచో అదే సీలుతో వచ్చిందే, దానికి మార్కులేస్తే కంపెనీకేసినట్టు గానీ బారుకేసినట్టు కాదు. బారోడి చేతిలో ఉండేది సీలు మీ ఎదురుగా తీశాడా లేదా, బీరైతే ఎంత చల్లగా ఇచ్చాడు, అంతే. అక్కడేసుకోండి మార్కులు. లూజు పెగ్గు జోలికి పోకండి, క్వార్టరే చెప్పండి, బాటిల్ టేబుల్ మీదకొచ్చాకే మూత తియ్యమనండి, తిప్పేటప్పుడు కింద రింగు పటుక్కుమని తెగిన చప్పుడు మీకు వినపడాలి, ముందే తిప్పేసి తెచ్చి "మీకు కష్టం లేకుండా తీసుకొచ్చానండి" అన్నాడంటే సున్నా. బీరైతే తయారైన తేదీ చూడండి, ఆరు నెలల్లోపుది అయ్యుండాలి. ఎండాకాలం మన ఊళ్ళల్లో కరెంటు పోవడం రావడం, బీరు చల్లబడ్డం వేడెక్కడం మళ్ళీ చల్లబడ్డం, అలాంటి బీరు గ్లాసులో పోస్తే నురగ నిలబడదు, అట్టపెట్టి వాసనొస్తది.

ఇంక మంచింగు. నాకు రొయ్యల చెరువులున్నాయి కాబట్టి రొయ్యల వేపుడు గురించి చెప్తా, మిగతాది ఎవరైనా చెప్తారు. వంద కౌంటు అంటే కేజీకి వంద రొయ్యలు, ఒక్కోటీ పది గ్రాములు. ముప్పై కౌంటు అంటే ముప్పైమూడు గ్రాములు, అది ఐసులో పడి అమెరికా పోద్ది, మన బారు మొహం చూడదు. బార్లకొచ్చేది వంద కౌంటు, ఆపైన. చెరువులో తెల్లమచ్చ వైరస్ పడితే రాత్రికి రాత్రి పట్టేస్తాం చూడండి, ఆ సరుకు కూడా వస్తది. కంగారు పడకండి, తింటే మనిషికేం కాదు ఆ వైరస్సు, చిన్న రొయ్య వేపుడుకి బాగుంటది కూడా. మీరు చూడాల్సింది వేరే. రొయ్య కొంచెం వంగితే సరిగ్గా వేగినట్టు, తోక వచ్చి మెడకి తగిలేలా సున్నా చుట్టుకుపోతే మాడగొట్టేసినట్టు. వీపు మీద నల్ల నరం తీశారా లేదా ఒకటి కొరికి చూడండి, వంద కౌంటుకి కూర్చుని నరం తీసే వంటోడు ఏ బార్లో ఉన్నా కళ్ళు మూసుకుని పదికి పది. ఆ తర్వాత ప్లేట్లో రొయ్యలన్నీ ఒక పక్కకి, కాన్‌ఫ్లోరు ముద్దలూ వేగిన కరేపాకూ ఒక పక్కకి జరపండి. ఏ కుప్ప పెద్దదో దాన్ని బట్టి వేసుకోండి మార్కులు, మొన్న ఒకచోట జరిపితే రొయ్యల కుప్ప కరేపాకు కింద దాక్కుంది.

అన్నట్టు వానాకాలం మెనూలో పులస అని రాసున్న బారుకి ఏకంగా మైనస్ మార్కులు. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస, గోదాట్లో ఎర్రనీళ్ళకి ఎదురీదుకుంటా ధవళేశ్వరం వైపు వచ్చినప్పుడే పులస. అసలు పులస పడితే పడవ ఒడ్డుకి రాకుండానే వేలల్లో బేరమైపోద్ది, అదొచ్చి మీ టేబుల్ మీద సోడా పక్కన ఎందుకు కూచుంటది?

లంకల_బుల్లోడు:

కరేపాకు కుప్ప ఐడియా సూపరండి బావగారూ, ఈ ఆదివారమే పెడతాం. మందు కాలమ్ తీసేస్తానంటే మా వోడొకడు ఏడుస్తన్నాడు, మందుకి మార్కుల్లేకపోతే వెళ్ళడమెందుకురా అంటన్నాడు.

యానాం_ఫెర్రీరోడ్డు:

మీ వోడు ఏడవక్కర్లేదు, యానాం తీసుకురండి. వనామీ బావగారు చెప్పింది ఆంధ్రాకి కరెక్టే, మా దగ్గర చెల్లదు. చుట్టూ కాకినాడ జిల్లా కోనసీమ జిల్లా ఉన్నా మా 30 చదరపు కిలోమీటర్లూ పుదుచ్చేరి కింద, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ దగ్గరున్న ఊరు, ఎక్సైజు వేరే, పన్ను వేరే, వచ్చే బ్రాండ్లు వేరే. అమలాపురం షాపులో కనపడని బాటిళ్ళు ఇక్కడ అరల్లో వరసగా ఉంటాయి. అంటే మందు కాలమ్ యానానికి ఉంచాలి, కాకపోతే దాన్ని రుచికి కాదు, ఎన్ని రకాలున్నాయి, మెనూలో ఉన్నవి నిజంగా ఉన్నాయా అన్నదానికెయ్యాలి. చాలాచోట్ల కార్డులో నలభై పేర్లుంటాయి, అడిగితే "అది ఇప్పుడే అయిపోయింది సార్" అంటాడు, అది అయిపోయి ఏడాదై ఉంటది.

ఇంకో మాట. ఆదివారం సాయంత్రం వచ్చి మా బార్లకి మార్కులెయ్యకండి, అన్యాయం. ఆ పూట కాకినాడ నుంచి అమలాపురం నుంచి మీరందరూ వచ్చి పడతారు, బేరర్‌కి ఊపిరాడదు, చెప్పింది ఒకటి తెచ్చేది ఒకటి. మంగళవారం సంత, ఆ రోజూ రద్దీనే. బుధవారమో గురువారమో మధ్యాన్నం రండి. గౌతమి మీంచి గాలి కొడతంటది, వంటోడు ఖాళీగా ఉంటాడు, పీత వేపుడు చెప్తే ఏ పీత కావాలో అడుగుతాడు. కోరంగి మడ అడవుల్లోంచి వచ్చే మండపీత ఐతే బతికున్నది చూపించి తూకం వేయించుకోండి, డెక్కలు తాడుతో కట్టేసుంటాయి, ఆ తాడు తడిపి కట్టేస్తే తూకంలో అదీ బరువే, తీసి తూచమనండి. మా వాళ్ళ గుట్టు నేనే బయటపెడుతున్నా.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, పుదుచ్చేరిలో తాగడానికి వయసు 18, ఆంధ్రాలో 21. కాలేజీ పిల్లలు ఇటు వచ్చేది అందుకే. ఇక్కడ తాగినంత తాగండి గానీ బాటిల్ సంచిలో పెట్టుకుని ఎదుర్లంక వంతెన ఎక్కకండి, అటు దిగేక తనిఖీ ఉంటది, దొరికితే బండి కూడా పోద్ది. మా యానాం రిజిస్ట్రేషన్, పీవై 04 నంబరున్న బండైనా సరే.

పంటు_బాబాయ్:

వంతెన అంటున్నారు, ఆ వంతెన లేని రోజులు చెప్తాను వినండి. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టేరు, 1997లో చంద్రబాబు గారు ఎత్తేసేదాకా ఈ చుట్టుపక్కల అధికారికంగా చుక్క దొరికేది యానాంలోనే. ఎదుర్లంక రేవులో పంటు, అదే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కేవాళ్ళం. అటు వెళ్ళేటప్పుడు పంటు మీద ఎవరూ ఎవరితో మాట్లాడేవారు కాదు, అందరూ ఏదో పెళ్ళికో పంచాయితీకో వెళ్తున్నట్టు మొహాలు పెట్టేవారు, మా లెక్కల మేష్టారు ఎదురుగా నించున్నా గోదారి వైపు తిరిగి చూస్తుండేవారు. తిరిగొచ్చేటప్పుడు పాటలు. ఆఖరి పంటు పోతే రేవులోనే పడక, దోమలు చంపేసేవి. అప్పుడు మార్కులంటే ఒకటే కాలమ్, రేవుకెంత దగ్గర.

మీ మార్కులకి నాదొక సలహా. బేరర్‌ని వదిలేసేరు మీరు. నా మటుకు నాకు బారంటే బేరరే. 2019లో సర్కారు షాపులొచ్చి వైన్సు పక్కన కూచుని తాగే పర్మిట్ రూములెత్తేసినప్పుడు మా బోటివాళ్ళు కాలవ గట్ల మీద, కొబ్బరితోటల్లో ప్లాస్టిక్ గ్లాసులతో తిరిగేం. 2024 అక్టోబర్లో మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చేయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది, అది వేరే సంగతి. ఆ గట్ల మీద కూచున్న రోజుల్లో తెలిసింది నాకు, మందుకి లోటు లేదు, ఐసు లేదు నీళ్ళు లేవు అన్నదానికీ లోటు లేదు, కానీ "బాబాయ్ గారూ, ఇంక చాలండి, ఇంటికెళ్ళండి" అనేవాడు లేడు. మంచి బేరర్ ఆ మాట ఎప్పుడనాలో అప్పుడంటాడు, మీకు కోపం రాకుండా అంటాడు, బిల్లు అప్పటికే వేసి పెట్టుంచుతాడు. ఉడకబెట్టిన శనగలు రెండోసారి అడక్కుండా తెస్తాడు. దానికి పది కాదు ఇరవై పెట్టండి.

లంకల_బుల్లోడు:

బాబాయ్ గారూ మేష్టారి సంగతి చదివి మా గ్రూపులో పెట్టేను, అందరూ ఎవరా మేష్టారని అడుగుతున్నారు :) బేరర్ కాలమ్ పెడుతున్నాం. మా హైదరాబాదోడు దాన్ని సర్వీస్ అని రాసేడు, కొట్టేసి బేరర్ అనే రాయించేను.

గీత_గట్టు:

కల్లునీ బారునీ ఒకే లిస్టులో పెట్టొచ్చా అన్నారు కదా, దానికెవరూ సమాధానం చెప్పలేదు. కుదరదండి. ఎందుకు కుదరదో చెప్తాను, మా నాన్న గీత కార్మికుడు, పాలకొల్లు వైపు మాది, నేను చెట్టెక్కను గానీ చిన్నప్పట్నుంచి చెట్టు కింద నించున్నవాణ్ణి.

బారుకి అడ్రసుంటది. కల్లుకి చెట్టుంటది, పూట ఉంటది. పక్కపక్కన రెండు తాడిచెట్లు, ఒకే మనిషి గీసినవి, ఒకటి తియ్యగా ఉంటది రెండోది నాలిక మీద గీరుకుంటది. అదే చెట్టు పొద్దున్న ఒక రుచి సాయంత్రం ఒక రుచి. పోతుతాడి, అంటే మగచెట్టు, ముందొస్తది, చలికాలం అయ్యేప్పటికి మొదలు, పండుతాడి, అంటే కాయలు కాసే ఆడచెట్టు, ఎండలు ముదిరేకొస్తది, దేని రుచి దానిదే. మీరొక ఆదివారం మధ్యాన్నం రెండింటికి వచ్చి పులిసిపోయిన కల్లు తాగి ఆ పాకకి నాలుగేసి వెళ్ళిపోతే ఎలాగండి. పొద్దున్న ఆరింటికి వచ్చినవాడు అదే కుండకి తొమ్మిదేస్తాడు.

ఎలా జరుగుద్దంటే, మా నాన్న తెల్లారకుండా మోకు వేసుకుని ఎక్కుతాడు, గెల చివర కత్తితో పొర తీస్తాడు. ఎంత పొరంటే అవతల వెలుతురు కనపడేంత పల్చగా. మందంగా కోస్తే గెల నెల తిరక్కుండా అరిగిపోద్ది, మరీ గీరి వదిలేస్తే కారడం ఆగిపోద్ది. మళ్ళీ సాయంత్రం ఇంకో పొర. కారేది తియ్యటి నీళ్ళే, అందులో మత్తేం ఉండదు, కుండలో పడ్డాక పులవడం మొదలు. కుండ లోపల సున్నం రాసి తెల్లారకుండా దింపేస్తే పులవదు, దాన్నే నీరా అంటారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు తాటి మీద చాలా పని చేశారు, నీరా మీదా, తాటిబెల్లం మీదా. సున్నం రాయకపోతే గంటల్లో నురగ కడతది, ఒక పూట తిరిగేసరికి బీరంత ఘాటు, మర్నాటికి పులుపు, ఇంకా ఉంచితే పచ్చడిలో పోసుకోవచ్చు. కుండ రోజూ కడుగుతాడా లేదా అన్నది అన్నిటికంటే పెద్ద సంగతి, పాత మడ్డి ఉన్న కుండలో చెట్టు మీదుండగానే పులిసిపోద్ది. మార్కులెయ్యాలంటే గ్లాసు చూడకండి, కుండలోకి తొంగి చూడండి. అడిగితే చూపిస్తాడు, చూపించనంటే తాగకండి.

ఏడాది పొడుగునా లోటు లేకుండా కల్లు దొరికే చోటు మీ లిస్టులో ఉంటే కొట్టెయ్యండి. వానల్లో తాడి ఇవ్వదు, ఈత కొంచెం ఇస్తది చలికాలంలో, మన డెల్టాలో ఈతచెట్లెన్ని ఉన్నాయి కనక. మరి ఆగస్టులో అంత కల్లు ఎక్కడ్నించొస్తంది? నీళ్ళు, శాక్రిన్, అదీ చాలకపోతే క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లుకి మనుషులు పోయారు. ఒక్క గ్లాసుకే కళ్ళు మూతలు పడుతున్నాయంటే అది కల్లు నిషా కాదు.

అంచేత మీ నోటుపుస్తకంలో కల్లుకి వెనక నుంచి వేరే పేజీలు తీసుకోండి. చెట్టు పోతా పండా, నెల, దింపిన పూట, మీరు తాగిన టైము, కుండ ఎలా ఉంది. పక్కన ఏం తిన్నారో కూడా రాయండి, పచ్చి మామిడికాయ ముక్క ఉప్పుకారం అద్దుకుని తింటే పుల్లటి కల్లు కూడా తియ్యగా తగులుద్ది, మార్కులు పెరిగిపోతాయి. ఇంకోటి, మనిషి చెట్టు మీదుండగా కింద నించుని లీటరెంతకిస్తావ్ అని అరవకండి. దిగేక బేరమాడుకోండి.

తాళ్ళు కూడా అయిపోతన్నాయండి. ఉన్నవన్నీ పొలం గట్ల మీదవే. ఆ గట్లు చెరువు గట్లయ్యాక పొక్లెయిను ముందు పడేది తాడే. వనామీ బావగారు ఏమీ అనుకోకపోతే.

వనామీ_బావ:

అనుకోవడానికేముంది, మా చెరువు తవ్వినప్పుడు గట్టు మీద తాళ్ళు తీయించిన మాట నిజమే, తీయించింది మా నాన్న. ఉన్న నాలుగూ ఉంచాం, వాటిని ఎవరూ గియ్యట్లేదు, గీసేవాళ్ళు దొరకట్లేదు. మీ నాన్నగారి వైపు ఎవరైనా వస్తానంటే చెప్పండి, సగం కల్లు నాకిచ్చి సగం తీసుకోమనండి.

గీత_గట్టు:

మా నాన్నకి మోకాలు. అడిగి చూస్తా ఇంకెవరైనా ఉన్నారేమో. సగం అంటే ఎక్కేవాడు రాడండి, మీకు పొద్దున్న ఒక లీటరు, మిగతాది అతనిది అంటే మాట్లాడొచ్చు.

స్టీరింగ్_నాదే:

నేను తాగనండి, మా బ్యాచ్‌కి నేనే డ్రైవర్ని. వీళ్ళందరూ వేసే మార్కులకంటే నావే కరెక్టని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మర్నాడు గుర్తుండేది నాకొక్కడికే. మీ నలుగురిలో అలాంటివాడు ఒకడుంటే వాడి మార్కులు డబుల్ లెక్కెయ్యండి.

ఎప్పుడెయ్యాలి అని అడిగారు, మొదటి గ్లాసు సగమయ్యాక, రెండోది చెప్పకముందు. కాగితాలు మడిచి ఇవ్వాలి, ఒకడిది ఒకడు చూడకూడదు, చూస్తే అందరూ గట్టిగా మాట్లాడేవాడి నంబరే వేస్తారు. ఎక్కువేసిన ఒకటి తక్కువేసిన ఒకటి తీసేసి మిగతా రెండూ కలపండి, మీ పదకొండు, నలభై మూడు గొడవ అక్కడికి పోద్ది. బాత్రూం ఒక్కటి మాత్రం ఆఖర్నే చూడాలి, రాత్రి తొమ్మిది దాటాక. సాయంత్రం ఆరింటికి ఏ బాత్రూమైనా బానే ఉంటది.

తాగని వాడికి ఏం పెడతాడన్నది ఒక కాలమ్ ఉండాలి. చాలాచోట్ల నన్ను చూసి బేరర్ మొహం మాడ్చుకుంటాడు, కూల్‌డ్రింకు ఒకటి పడేసి ఇంకటు రాడు. రామచంద్రపురం ఆర్టోస్ చల్లగా పెట్టిన బారైతే నేను ఎన్ని గంటలైనా కూచుంటా, 1919 నుంచీ ఉన్న మన డ్రింకు, కోనసీమ బార్లోనే దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుద్ది?

బండి సంగతి కూడా. రక్తంలో వంద మిల్లీలీటర్లకి ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేలు ఫైను లేదా ఆరు నెలలు జైలు లేదా రెండూ. ఒక బీరుకే దాటిపోవచ్చు. నేను తాగలేదని ఊదితే మిషన్లో సున్నా వచ్చింది, ఎస్సై గారు వెనక సీట్లో ముగ్గుర్నీ చూసి "వీళ్ళ వాసనకే రావాలి కదయ్యా" అన్నారు.

గొట్టంకాజా:

కాకినాడ నుంచి అండి, మొత్తం చదివాను. రొయ్య నరాలకి, తాడిచెట్టు పూటకి, పీత తాడుకి కూడా మార్కులున్నాయి. మేం ముగ్గురు ఫ్రెండ్స్, ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడవాళ్ళం, ఎప్పుడైనా ఒక బీరు తాగుదామంటే ఈ లిస్టు మాకేం పనికొస్తది? మీ యాభై మార్కుల బార్లో మేం వెళ్ళి కూచోగలమా లేదా, ఆ కాలమ్ ఏదండి? ఫ్యామిలీ క్యాబిన్ అని బోర్డుంటది, లోపలికెళ్తే దాంట్లో ఖాళీ బీరు కేసులు పేర్చుంటాయి. ఒకచోట కూచోబెట్టారు గానీ హాలంతా తలలు తిప్పి చూస్తుంటే ఫ్రైడ్ రైస్ తినేసి వచ్చేశాం. కాకినాడ రాజమండ్రిల్లో పెద్ద హోటళ్ళల్లో ఉన్న బార్లైతే పర్వాలేదు, బిల్లు చూస్తే నెలకోసారి కూడా వెళ్ళలేం. మీ హైదరాబాద్ ఫ్రెండుని అందరూ ఏడిపిస్తున్నారు గానీ, అతను యాంబియెన్స్ అంటున్నదాంట్లో ఇది కూడా ఉందేమో అడగండి. పబ్బులో మేం కూచుంటే ఎవరూ తలెత్తి చూడరు.

యానాం_ఫెర్రీరోడ్డు:

మేడమ్ గారు చెప్పింది నిజం. మా దగ్గర రెస్టారెంటు కింద, బారు పైన ఉన్నవి ఉన్నాయి, కింద ఫ్యామిలీలు తింటారు, కింద కూచున్నవాళ్ళకి పైనుంచి బీరు తెచ్చిస్తారా అని అడిగితే కొందరు కుదరదంటారు, కొందరు కూల్‌డ్రింకు గ్లాసులో తెస్తామంటారు. ఆ గ్లాసు దాపరికం మీకు కావాలో వద్దో మీ ఇష్టం.

గొట్టంకాజా:

వద్దండి. బీరు బీరు గ్లాసులోనే ఇచ్చేచోటు ఉంటే చెప్పండి.

పంటు_బాబాయ్:

అమ్మా, మీరడిగింది నా బేరర్ కాలమ్‌లోనే రావాలి. పక్క టేబుల్ వాడు తల తిప్పి చూస్తుంటే వెళ్ళి వాడికి అడ్డంగా నించుని "మీకేం కావాలి సార్" అని అడిగేవాడే బేరర్. అలాంటివాళ్ళని నేను ఇద్దర్ని ఎరుగుదును, ఇద్దరూ గల్ఫ్ వెళ్ళిపోయేరు.

లంకల_బుల్లోడు:

మేడమ్ గారూ, మా వోడిని అడిగేను. "ఆర్నెల్లుగా అదే కదరా మొత్తుకుంటన్నా, మా ఆవిణ్ణి తీసుకెళ్ళగలిగే చోటు ఒక్కటైనా చూపించండి" అన్నాడు. వాడెప్పుడూ మాతో ఆ ముక్క అనలేదండి, యాంబియెన్స్ యాంబియెన్స్ అంటే మేం కలర్ లైట్లనుకున్నాం. సరే, కాలమ్ పెట్టేం, ఆడవాళ్ళు కూచోగలరా, పది మార్కులు. ఇప్పటిదాకా తిరిగిన వాటికి పాత పేజీలు తీసి ఈ ఒక్క కాలమ్ నింపుదామని కూచున్నాం, నలుగురిలో ఎవరి పెన్నూ రెండు దాటలేదు. ఇక నుంచి ఒక వారం మా ఆవిణ్ణీ వాళ్ళావిణ్ణీ తీసుకెళ్ళి వాళ్ళ చేత మార్కులేయించాలని వాడంటన్నాడు, మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇప్పటికి లెక్క ఇలా పెట్టేం: సీలు-చల్లదనం పది, మంచింగు పది, బేరర్ ఇరవై, బాత్రూం పది, తొమ్మిది దాటాక చూసి, ఆడవాళ్ళ కాలమ్ పది, తాగనోడి కాలమ్ అయిదు, బిల్లు అయిదు. కుర్చీ-ఫ్యాను తీసేసేం, ఫ్యాను తిరక్కపోతే బేరర్లోనే కోస్తాం. మొత్తం డెబ్బై. యానానికి మాత్రం బ్రాండ్లకి ఇంకో పది, ఆ డెబ్బైతో కలపకుండా పక్కన రాస్తాం, లేకపోతే ప్రతిసారీ వాళ్ళే ఫస్టొస్తారు. కల్లు పేజీలు వెనక నుంచి.

గీత_గట్టు గారూ, మీ వైపు పండుతాడి మొదలయ్యేక ఒకసారి వద్దామనుకుంటన్నాం నలుగురం. ఆదివారం పొద్దున్న ఎన్నింటికి రావాలండి? చించినాడ వంతెన మీంచి వచ్చేస్తాం.

గీత_గట్టు:

ఆదివారం వద్దు, ఆ రోజు వాడుకవాళ్ళకే చాలదు. శనివారం రండి, ముందు రోజు రాత్రి ఫోన్ చెయ్యండి, ఆరుకల్లా గట్టు మీదుండాలి. ప్లాస్టిక్ క్యాన్లు తేకండి, పెట్రోలు పోసిన క్యాను కడిగి తెచ్చేవాళ్ళున్నారు. స్టీలు గ్లాసులు మావే ఉన్నాయి. మామిడికాయలు మీ తోటవి తెండి.

స్టీరింగ్_నాదే:

నీరా దింపుతారా అండి ఆ రోజు? ఐతే నేను కూడా వస్తా, కుండ మాత్రం చూపించాలి.

గీత_గట్టు:

ముందే చెప్తే ఒక కుండకి సున్నం రాయిస్తాను. మీరైతే అయిదున్నరకే ఉండాలి.